కరెంటు లేని పేటకి కరెంటు రేడియో

మొన్నామధ్య మా వీధిలో అద్దెకుంటున్న ముగ్గురమ్మాయిలు టీవీ కొనుక్కోవడానికి నన్ను తోడు రమ్మన్నారు. ముగ్గురూ గ్రామ సచివాలయంలో కొత్తగా చేరినవాళ్ళు. "మీకు బేరాలు బాగా తెలుసటగా అమ్మమ్మగారూ" అంటే నవ్వొచ్చింది. వెళ్ళాను. వాళ్ళు ఫోనులో అన్ని షాపుల ధరలూ ముందే చూసుకున్నారు. నేను చేసిందల్లా కుర్చీలో కూర్చుని రెండు ప్రశ్నలు అడగడం. మంచి ధరకే వచ్చింది. దారిలో, ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారని అడిగారు. ఒక రేడియో దగ్గర నేర్చుకున్నాను. నేర్పినావిడ ఎండుచేపలు అమ్ముకునేది. అయితే నేర్చుకునే ముందు నేను చేసిన తప్పు ఒకటుంది. అది చెప్పకుండా మిగతాది చెబితే గొప్పలు చెప్పుకున్నట్టవుతుంది. కాబట్టి మొత్తం చెబుతున్నాను.

అరవైల చివర్లో నేను గ్రామసేవికని. ఇప్పటి పిల్లలకి ఆ మాట తెలియదు. సమితి, అంటే ఇప్పటి మండలంలాంటిది, దాని ఆఫీసు కింద మాకు పదో పన్నెండో ఊళ్ళు అప్పగించేవారు. మహిళా మండళ్ళు పెట్టించడం, పిల్లలకి పాలపొడి కలిపి పోయించడం, పొగ రాని పొయ్యిలు కట్టించడం, కుట్టుపని నేర్పించడం మా పని. మాది బొబ్బిలి దగ్గర వరి పండించే ఇల్లు. ఇరవై రెండేళ్ళ వయసులో నన్ను శ్రీకాకుళం జిల్లాలో సముద్రపొడ్డున ఉన్న సమితికి వేశారు. సముద్రాన్ని అంతకుముందు రెండే రెండు సార్లు చూశాను. మొదటి నెలంతా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే తిరిగాను. ఆ సంగతి వాళ్ళు గమనించారనీ, గమనించి ఊరుకున్నారనీ తర్వాత తెలిసింది.

నా ఊళ్ళలో ఒకటి జాలరిపేట. అసలు ఊరు రైతులది. అక్కణ్ణుంచి రెండు మైళ్ళు ఇసకలో నడిస్తే పేట. మగవాళ్ళు తెప్పలమీద వేటకి వెళితే, ఆడవాళ్ళు చేప ఎండబెట్టి, గంపల్లో పెట్టుకుని సంతలకీ పట్నాలకీ పోయి అమ్మేవారు. పేటలో పెట్టించిన మహిళా మండలికి అధ్యక్షురాలు ఒక నలభై అయిదేళ్ళ ఆవిడ. పేటంతా ఆమెని అప్ప అనేవారు, అంటే అక్క. నేనూ అలాగే పిలిచేదాన్ని. సన్నగా, నిటారుగా ఉండేది. తలమీద గంప లేనప్పుడు కూడా ఉన్నట్టే నడిచేది. వారానికి రెండుసార్లు బస్సెక్కి విజయనగరం వెళ్ళి ఎండుచేపలు అమ్ముకొచ్చేది.

మొదటి సమావేశానికి నేను కుట్టుమిషనుకి దరఖాస్తు రాసుకునే వెళ్ళాను. సంతకాలు పెట్టించుకోవడమే తరువాయి అనుకున్నాను.

"మిసనెందుకమ్మా మాకు? మాకు రేడియో కావాల," అంది అప్ప.

"పాటలు వినడానికా?"

"పాటలు మాకొచ్చును. గాలొస్తాదని ముందుగాల సెప్తాదట గదా అది? మొగోళ్ళు గంగలోకి ఎల్లిపోయినాక మాకు తెలిసి ఏటి లాభం? ఎల్లకముందు తెలియాల."

గంగ అంటే వాళ్ళ భాషలో సముద్రం. పంచాయతీకి సర్కారు ఇచ్చిన రేడియో ఒకటి ఉండేది కానీ అది రైతుల ఊళ్ళో, ప్రెసిడెంటుగారి సావిట్లో ఉండేది. గాలివాన కబురు అక్కడ వినబడి, ఎవరికో గుర్తొచ్చి, ఇసకలో నడిచి పేటకి చేరేసరికి తెప్పలు వెళ్ళిపోయి ఉండేవి.

ఏడాదిపాటు ఇంటికో గుప్పెడు నెత్తళ్ళనే చిన్నచేపలు రోజూ తీసిపెట్టి, అమ్మి, సొమ్ము కూడబెట్టారు. అంతకి అంత సమితి కలిపింది. కొనే పని నాది. మా ఎక్స్‌టెన్షను ఆఫీసరుగారు మంచివాడే గాని, ప్రతి విషయాన్నీ పందెంలాగే చూసేవాడు. "మూడు షాపుల్లో ధర కనుక్కో. అందరికన్నా తక్కువకి తేవాలి. ఆడపిల్లని పంపితే ఎక్కువ పోసి తెచ్చిందనిపించుకోకు," అన్నారు. ఆ మాట నాకు బాగా తగిలింది.

విజయనగరం బయల్దేరిన పొద్దున్న అప్ప గంప ఎత్తుకుని బస్సు దగ్గర కనబడింది. "నానూ వస్తాను, సూద్దాం," అంది.

"ఎందుకప్పా మీకు శ్రమ? ఇది ఆఫీసు పని, నేను చూసుకుంటాను," అన్నాను. ఆమె బస్సులో వెనక సీట్లో కూర్చుంది. దిగాక తన దారిన తను వెళ్ళింది.

మూడో షాపు యజమాని యాభై దాటిన మనిషి. తెల్ల పంచె, ముక్కుమీదికి జారే కళ్ళద్దాలు. ఆయన వెనక బీరువామీద పెద్ద సెట్టు ఒకటుంది. నున్నటి చెక్కపెట్టె, ముందు బంగారు రంగు బట్ట, స్టేషను సరిగ్గా కుదిరినప్పుడు వెలిగే ఆకుపచ్చ కన్ను. చూడగానే మనసు పడింది. పక్కన తోలు తొడుగుల్లో ఉన్న ట్రాన్సిస్టర్లు నా కంటికి టిఫిను డబ్బాల్లా కనిపించాయి.

"ఇది కరెంటు సెట్టమ్మా. మీ ఊళ్ళో కరెంటుందా?" అని ఆయనే అడిగారు.

పేటలో స్తంభాలు పాతారు. తీగ లాగలేదు. వచ్చే నెలలో లాగుతామని లైను ఇన్‌స్పెక్టరు చెప్పాడు. ఈ మూడు ముక్కలు చెప్పాల్సిన చోట నేను ఒక్క ముక్క చెప్పాను. "ఉందండి," అన్నాను.

"లేకపోతే మాత్రం ఇది తీసుకోకండి. బ్యాటరీలతో పలికే ట్రాన్సిస్టరు తీసుకోండి. దీనికన్నా కాస్త ఎక్కువవుతుంది గాని..."

ఎక్కువ అనేసరికి నా చెవులు మూసుకుపోయాయి. పల్లెటూరి ఆడపిల్లని చూసి ఖరీదైన సరుకు అంటగట్టాలని చూస్తున్నాడనుకున్నాను. పట్టుదలగా ఆ పెద్ద సెట్టుకే బేరమాడాను. ధరలో దాదాపు మూడో వంతు తగ్గింది. ఆయన అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడని నాకు తోచలేదు. అదంతా నా నేర్పే అనుకున్నాను.

సమితి మీటింగులో ఆఫీసరుగారు నన్ను లేచి నిలబడమన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా ఉద్యోగ జీవితంలో చప్పట్లు అందుకున్న సందర్భాలు రెండో మూడో ఉన్నాయి. అందులో ఇదొకటి.

ఆ వచ్చే నెల రాలేదు. దాని తర్వాతి నెలా రాలేదు. స్తంభాలమీద కాకులు వాలేవి. రేడియోని మండలి పాకలో బల్లమీద పెట్టి, నేనే అల్లిన లేసుగుడ్డ కప్పాను. ఆడవాళ్ళు రోజూ తుడిచేవారు. ఎవరో దానికి బొట్టు కూడా పెట్టారు. ఆ రోజుల్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. మాట్లాడని రేడియోకి లైసెన్సు కట్టిన మండలి జిల్లా మొత్తంమీద మాదొక్కటే అయివుంటుంది. వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు అడిగేవారు, "ఎప్పుడు మాటాడతాదమ్మా ఇది?" అని. వెటకారం కాదు, నిజంగానే అడిగేవారు. అది ఇంకా కష్టంగా ఉండేది.

వానాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం గాలి లేచింది. నేను పేటలోనే ఉన్నాను. పొద్దున్న సముద్రం చక్కగా ఉందని నాలుగు తెప్పలు వెళ్ళాయి. రెండు తిరిగొచ్చాయి. మిగిలిన రెంటికోసం ఆడవాళ్ళు ఒడ్డున నిలబడ్డారు. ఎవరూ ఏడవలేదు. సాయంత్రానికి ఒక తెప్ప అలల్లోంచి బయటపడింది. రెండోది దుంగలుగా విడిపోయి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. దానిమీద వెళ్ళిన ఇద్దరూ ఒకే దుంగ పట్టుకుని బతికి బయటపడ్డారు. అందులో ఒకడు అప్ప అల్లుడు. కుడి చెయ్యి మోచేతి దగ్గర విరిగి వేళ్ళాడుతోంది.

గాలివాన కబురు కిందటి సాయంత్రమే ప్రెసిడెంటుగారి సావిట్లో రేడియో చెప్పిందని మర్నాడు తెలిసింది.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. మూడోనాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి అప్ప లేసుగుడ్డ తీసి, మడిచి నా చేతికిచ్చింది. రేడియోని పాత దుప్పట్లో చుట్టి, తలమీద చుట్టకుదురు పెట్టుకుని ఎత్తుకుంది.

"పదమ్మా. మార్సుకొద్దాం."

"అమ్మిన సరుకు వెనక్కి తీసుకోరప్పా. రసీదుమీద రాసుంది."

"రాసుంటాది. అడిగితే ఏటవుతాది?"

"సమితి అనుమతి కావాలి."

"అనుమతి ఎప్పుడొస్తాది? కరెంటొచ్చినప్పుడా?"

ఇంకో నలుగురు ఆడవాళ్ళు కూడా బయల్దేరారు. అనుమతి లేకుండానే నేనూ వెళ్ళాను.

షాపులో అప్ప రేడియో దించీ దించకముందే మొదలుపెట్టింది. "ఏటి బాబూ, సిన్న గుంటని సూసి ఇలాగ మోసం సేస్తావా? కరెంటు నేని పేటకి కరెంటు రేడియో అంటగడతావా? మా పిల్లకి ఊరు కొత్త. నీకు కొత్తా?"

మిగతావాళ్ళు అందుకున్నారు. "గుప్పెడు గుప్పెడు దాసుకున్నాం బాబూ." "అప్ప అల్లుడి సెయ్యి ఇరిగిపోనాది." బజారులో పోయేవాళ్ళు ఆగి చూడసాగారు. షాపాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని నావైపు చూశారు. ఒక్క మాటలో తప్పించుకోవచ్చు ఆయన. "నేను అడిగాను, ఈవిడే ఉందని చెప్పింది" అంటే చాలు. ఆయన అనలేదు. తిట్లు వింటూ అలాగే నిలబడ్డారు. ఆయన నా పరువు కాపాడుతున్నాడని అర్థమైంది.

నిజం చెబుతున్నాను, కాసేపు ఊరుకున్నాను. ఎంతసేపో చెప్పలేను. ఒక జట్కా ఆ వీధి మొదట్లోంచి వచ్చి షాపు దాటి వెళ్ళేంత సేపు. "మా పిల్ల" అని అప్ప మళ్ళీ అంది.

"అప్పా, ఆయన తప్పు లేదు," అన్నాను చివరికి. "ఊళ్ళో కరెంటుందా అని ఆయన అడిగారు. ఉందని నేనే చెప్పాను. లేకపోతే ఇది కొనొద్దని కూడా చెప్పారు. చవగ్గా వస్తోందని నేనే వినలేదు."

అప్ప నా మొహంలోకి చూసింది. కొడుతుందేమో అనిపించింది. కొట్టినా బాగుండేదే. ఆమె ఆయనవైపు తిరిగింది.

"తప్పయిపోనాది బాబూ. మిమ్మల్ని అనీసినాను."

"పర్వాలేదమ్మా."

"అయితే ఇప్పుడు కూకుని మాటాడదాం," అని నేలమీద చతికిలబడింది. మిగతావాళ్ళూ కూర్చున్నారు. ఆయన వద్దు వద్దంటూ బెంచీ తెప్పించబోయి, చివరికి తనూ మెట్టుమీద కూర్చున్నారు.

అప్పుడు చూశాను, బేరమంటే ఏమిటో. ఆమె ఎంతిస్తావని అడగలేదు. "ఇంత పెద్ద పెట్టె అంత సవగ్గా ఎందుకిచ్చేసినావు బాబూ? నాకు అర్థమవనేదు," అని అడిగింది. నేను అడగాల్సిన ప్రశ్న అది.

"రెండేళ్ళయి పడివుందమ్మా. అందరూ ట్రాన్సిస్టర్లే అడుగుతున్నారు. దీన్ని వెనక్కి తీసుకుంటే మళ్ళీ ఎవరికమ్మను?"

"కరెంటున్నోడికి అమ్మాల."

"వాళ్ళెవరో రావాలిగా."

అప్ప లేచింది. "ఇక్కడే ఉండండి," అని మాకు చెప్పి బజారులోకి వెళ్ళిపోయింది. ఎక్కడికో ఎవరికీ తెలియదు. అరగంట తర్వాత ఒక లావుపాటాయన్ని వెంటబెట్టుకొచ్చింది. బస్టాండు దగ్గర భోజన హోటలు ఆయనది. ఏళ్ళతరబడి ఈమె దగ్గరే ఎండుచేపలు కొంటున్నాడు. ఎదురుగా కొత్తగా పెట్టిన హోటల్లో రేడియో ఉందనీ, జనం పాటల కోసం అటే పోతున్నారనీ వెళ్ళినప్పుడల్లా ఈమె దగ్గర వాపోయేవాడట.

"పెట్టి సూపించు బాబూ," అంది అప్ప షాపాయనతో.

ప్లగ్గు పెట్టారు. కాసేపటికి ఆకుపచ్చ కన్ను వెలిగింది. గదంతా పాట నిండిపోయింది. మేం కొన్నాక అది మాట్లాడగా వినడం మా ఆడవాళ్ళకి అదే మొదలు. ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హోటలాయన చెక్కమీద చెయ్యి వేసి, "ఇదయితే వీధి సివరకి ఇనబడతాదప్పా," అన్నాడు.

"అందుకే నిన్ను తెచ్చినాను మావా. సవగ్గా దొరికినాదని ఊరికే ఇచ్చీమని అడక్కు. ఈ బాబు నష్టపోకూడదు, మేం నష్టపోకూడదు."

ఆ తర్వాత ముగ్గురూ చాలాసేపు మాట్లాడుకున్నారు. హోటలాయన మేం కొన్నదానికన్నా కొంచెం ఎక్కువే ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. అయినా కొత్త సెట్టుతో పోలిస్తే ఆయనకి చవకే. ఆ సొమ్ముకి షాపాయన ట్రాన్సిస్టర్లు చూపించారు. అప్ప వాటిలో ఒక్కదాన్నీ షాపులో వినలేదు. ఒక్కొక్కటీ చేత పట్టుకుని నడి బజారులోకి వెళ్ళి, బళ్ళ చప్పుడులో చెవికి దూరంగా పెట్టుకుని వినేది. "గంగ పక్కన ఇనబడాల గదా," అంది. బాగా వినబడినది, తోలు తొడుగు ఒక మూల చిరిగినది, అందరికీ చూపించడానికి వాడినది ఒకటి ఎంచింది. తొడుగు చిరిగినందుకు షాపాయన ధర తగ్గించి, రెండు జతల బ్యాటరీలు ఊరికే ఇచ్చారు. మేం మెట్లు దిగుతుంటే నాతో, "ఆవిణ్ణి మొదటిసారే తీసుకురావాల్సిందమ్మా," అన్నారు.

బస్సులో అప్ప నా పక్కన కూర్చుంది. చాలాసేపు భయపడి, అడిగాను. "నామీద కోపంగా ఉందా అప్పా?"

"ఉన్నాది."

"కరెంటుందని అబద్ధమాడినందుకా?"

"అబద్ధం అందరం ఆడతాం. సేప ఎప్పటిదని అడిగితే నాను రోజూ నిజమే సెప్తన్నానా? కోపం దానికి గాదు. నానూ వస్తానంటే వద్దన్నావు. మా డబ్బు, మా రేడియో. నాకు బేరం తెల్దనుకున్నావు."

కొంతసేపయ్యాక ఆమే అంది, "ఆయన ముందర సెప్పీసినావు గదా. అది బాగుంది," అని. తర్వాత నా భుజంమీద తల వాల్చి నిద్రపోయింది.

ఆఫీసులో అది అంత తేలిగ్గా పోలేదు. రిజిస్టరులో ఉన్నది ఒక సెట్టు, పేటలో ఉన్నది ఇంకోటి. నాకు మెమో వచ్చింది. పాత సెట్టు రిపేరుకొచ్చిందని రాసెయ్యి, ఎవరికీ బాధ ఉండదని ఎక్స్‌టెన్షను ఆఫీసరుగారు సలహా చెప్పారు. ఒక్క అబద్ధపు ముక్క ఎంత దూరం వెళ్ళిందో చూసినదాన్ని, మళ్ళీ ఆ దారి తొక్కలేకపోయాను. జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాశాను. బీడీవోగారు చదివి నిట్టూర్చారు. "రిపేరని రాసుంటే నాకు సంతకం పెట్టడం సులువయ్యేదమ్మా," అన్నారు. నా సర్వీసు పుస్తకంలో ఒక మందలింపు ఎక్కింది. రిటైరయ్యే దాకా అది అలాగే ఉంది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండును. కాలేదు. ట్రాన్సిస్టరు పేటకొచ్చిన సాయంత్రం జనమంతా చుట్టూ చేరారు. వార్తల తర్వాత వాతావరణం వచ్చింది. ఆగ్నేయ బంగాళాఖాతం, అల్పపీడనం, వాయవ్య దిశగా పయనం. అయిపోయింది. అందరూ నావైపు చూశారు.

"ఏటంటన్నాడమ్మా ఈయన?" అంది అప్ప.

ఇంత పాటుపడి తెచ్చుకున్న రేడియో చెప్పేది తెలుగే. అది వాళ్ళ తెలుగు కాదు. ఆగ్నేయమంటే ఏ మూలో నాకూ వెంటనే తట్టలేదు. మర్నాడు రైతుల ఊరి బళ్ళో మాస్టారి దగ్గర పటం అడిగి తెచ్చాను. వారానికి నాలుగు సాయంత్రాలు ఆ ఇసకలో నడిచి వెళ్ళి, రేడియో చెప్పింది విని, మళ్ళీ విడమర్చి చెప్పేదాన్ని. పటంలో మూలలు చూపించేదాన్ని. వాళ్ళు తమ గాలుల పేర్లు చెప్పేవారు. అవి నేను రాసుకునేదాన్ని. అలా ఏడెనిమిది నెలలు గడిచాయి.

ఒకరోజు బస్సు చెడిపోయి ఆలస్యమైంది. పరుగులాంటి నడకతో పేట చేరేసరికి వార్తలు అయిపోయాయి. పాకలోంచి అప్ప గొంతు వినబడింది.

"అల్పపీడనమంటే గంగ ఇంకా కళ్ళు నులుముకుంటన్నాదని. మొన్న సెప్పింది అది. ఇయాల వాయుగుండమన్నాడు. అంటే లేసి కూకున్నాది. రేపు తుపానంటాడు. అంటే మనింటికి బయలెల్లినాదని."

"అయితే పొద్దున్న ఎల్లొచ్చా అప్పా?" అన్నాడు ఎవరో మగమనిషి.

"లేసి కూకున్నాదంటే నీకు అర్థం కానేదేటిరా? తెప్పలు పైకి లాగీండి. ఇప్పుడే."

నన్నెవరూ చూడలేదు. మగవాళ్ళు లేచారు, వాళ్ళ వెనక ఆడవాళ్ళూ. ఒడ్డున తాళ్ళు కట్టి ఒక్కొక్క తెప్పనీ ఇసకలో పైకి లాగడం మొదలుపెట్టారు. మూడో తెప్ప దగ్గర మనుషులు చాలలేదు.

"ఓలమ్మా, అలా నిలబడి సూస్తావేటి? ఇటొచ్చి తాడు పట్టు," అని ఎవరో కేకేశారు.

చెప్పులు అక్కడే ఇసకలో విడిచి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వెళ్ళి తాడు పట్టుకున్నాను.